మంజీర పుట్టింటి దారి

సికింద్రాబాద్‌లో షిర్డీ రైలెక్కినవాళ్ళలో షిర్డీకి పోనిదాన్ని ఆ బోగీలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఎదుటి బెర్తుల్లో రాజమండ్రి నుంచి వస్తున్న కుటుంబం. వికారాబాద్ దాటగానే పెద్దావిడ పులిహోర డబ్బా మూత తీసి, అడక్కుండానే నాకూ ఒక కాగితం పళ్ళెంలో పెట్టింది. "బాబా దర్శనానికేనా అమ్మా?" అంది. పర్లీలో దిగుతానన్నాను. "అయితే వైద్యనాథుడి దగ్గరికా! మేం కిందటేడు వెళ్ళాం. అక్కడ లింగాన్ని తాకి మొక్కుకోనిస్తారు, తెలుసా?" అని వాళ్ళాయన వైపు తిరిగి సాక్ష్యం కూడా అడిగింది.

గుడికి కాదని చెప్పడానికి నోరు రాలేదు. నది పుట్టిన చోటు చూడ్డానికి అంటే నమ్మేదేమో. చెరకు నరకడానికి పోయే ఆడవాళ్ళ గర్భసంచుల సంగతి కనుక్కోవడానికి అంటే, ఒకరు పులిహోర పెడుతున్నప్పుడు అనే మాట కాదది.

మాది సంగారెడ్డి జిల్లాలో మంజీర ఒడ్డు పల్లె. ఆ నీళ్ళు తాగే పెరిగాను. 1960ల నుంచి హైదరాబాదు కూడా తాగింది. కానీ ఈ నది ఎక్కడిదని మా ఇంట్లో ఎవరూ అడగ్గా వినలేదు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా, పాటోదా తాలూకా, బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. లాతూరు మీదుగా, బీదర్ మీదుగా మన దగ్గరికొచ్చి, సింగూరులో ఒకసారి, నిజాంసాగర్‌లో ఒకసారి ఆగి, 724 కిలోమీటర్ల నడక ముగించి కందకుర్తి దగ్గర గోదారిలో కలుస్తుంది. కోడలితో ఇన్నేళ్ళు నీళ్ళు మోయించుకుని ఆమె పుట్టిల్లెక్కడో కనుక్కోని అత్తింటివాళ్ళలాంటి వాళ్ళం మేం.

2016 వేసవిలో ఆ పుట్టిల్లు పేపర్లలోకి ఎక్కింది. మంజీర మీద ధనేగావ్ దగ్గరున్న డ్యామ్ ఎండిపోయి లాతూరు పట్టణానికి తాగునీళ్ళు లేకుండా పోయాయి. ట్యాంకుల దగ్గర జనం కొట్టుకుంటారని 144 సెక్షన్ పెట్టారు. ఏప్రిల్‌లో మిరజ్ నుంచి రైల్లో నీళ్ళు తోలారు. మొదటి రోజు 10 వ్యాగన్లు, 5 లక్షల లీటర్లు. ఆ ఏడే ఇటు సింగూరు కూడా అడుగంటింది. మా ఊరి ఆడవాళ్ళు నది ఇసకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి బిందెలు నింపారు. మూడేళ్ళ తరవాత, 2019లో, అదే బీడ్ జిల్లా ఇంకో రకంగా పేపర్లకెక్కింది. చెరకు కోతకు పోయే ఆడవాళ్ళలో పాతికా ముప్ఫై ఏళ్ళకే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళే ఉన్నారని. ఆ రెండు వార్తలూ ఒకే కథలోవని నాకు వెలగడానికి చాలా కాలం పట్టింది.

ఆలస్యానికి కారణం ఉంది. గర్భసంచి తీయించుకోవడమనేది మా ఇంట్లో వార్త కాదు. మా చిన్నమ్మకు ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు తీశారు. మా వాడలో తీయించుకున్నవాళ్ళను లెక్కబెట్టాలంటే నా చేతివేళ్ళు చాలవు.

*

పర్లీలో అర్ధరాత్రి దాటాక దిగాను. పొద్దున్నే లాడ్జి మేడ మీంచి చూస్తే గుడి శిఖరం కంటే ముందు థర్మల్ కేంద్రం గొట్టాలు కనిపించాయి. 2013 కరువులో ఆ కేంద్రాన్ని నీళ్ళు లేక ఆపేశారు. బొగ్గు కాల్చి గాలిని వేడెక్కించే యంత్రమే వాన లేక పడుకుందన్నమాట.

అక్కడి నుంచి అంబాజోగాయికి ఎర్ర బస్సు. నిజాం కాలంలో దాని పేరు మోమినాబాద్. 1956 దాకా బీడ్, మా ఊరు ఒకే రాష్ట్రం. బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన ఉర్దూ మా తాత ఉర్దూ లాగే ఉంది. బీడ్ పట్టణానికి ఈ మధ్యే రైలొచ్చిందని సంబరంగా చెప్పాడు. 2025 సెప్టెంబరు 17న. అదే తేదీన మనం ఇక్కడ ఆ రోజును ఏ పేరుతో పిలవాలని తగువులాడుకుంటూ జెండాలెగరేస్తాం, వాళ్ళక్కడ మరాఠ్వాడా ముక్తి దినమని ఎగరేస్తారు.

నేను వెళ్ళింది దీపావళి వెళ్ళిన రెండో వారం. కరువు చూడబోతున్నానని నా మనసులో ఒక బొమ్మ తయారుగా ఉండేది. పగిలిన నేల, ఖాళీ బిందెలు. కిటికీలోంచి చూస్తే దానికి పూర్తిగా తలకిందులు. ధనేగావ్ డ్యామ్ నిండు గర్భిణిలా ఉంది. కేజ్ దాటాక వాగుల పక్క పొలాలు చూస్తే మాత్రం కడుపులో దేవింది. నల్లరేగడి మొత్తం కొట్టుకుపోయి అడుగున మొరం తేలింది. ఒక చోట బావి వరలతో సహా పూడిపోయి, దాని మీద మోటారు పైపు ఒక్కటే నిలబడి ఉంది. సోయా చేలు నల్లగా కుళ్ళిన వాసన బస్సులోకి కొడుతోంది. సెప్టెంబరులో మరాఠ్వాడా మీద కురిసిన వాన అది. అంతకు నెల ముందు మా మెదక్‌ను, కామారెడ్డిని ముంచిన వాన లాంటిదే.

"పాఊస్ లహరీ ఝాలా" అన్నాడు ముసలాయన. వానకు తిక్క పుట్టిందని. నాలుగు రోజుల్లో 'వాతావరణ మార్పు' అనే మాట ఆ జిల్లాలో నా చెవిన ఒక్కసారి కూడా పడలేదు. ఈ మాట మాత్రం ప్రతి ఇంట్లో విన్నాను. మధ్య భారతంలో విస్తారంగా పడే అతిభారీ వర్షాలు 1950, 2015 మధ్య మూడింతలయ్యాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో పనిచేసే రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో లెక్క తేల్చింది. ముసలాయన చెప్పింది కూడా అదే. పడితే ఊరు ముంచుతుంది, లేకపోతే నెల్లాళ్ళు మొహం చాటేస్తుంది. మెట్ట రైతుకు రెండూ ఒకటే. 1972 కరువప్పుడు ఇక్కడి నుంచి పడమటి మహారాష్ట్ర చెరకు తోటలకు వలస పెద్ద ఎత్తున పెరిగింది. ఇప్పుడు కరువొచ్చినా పోతారు, వరదొచ్చినా పోతారు.

*

ఊరి పేరు రాయను. కొండ వాలులో నూటాభై గడప. నన్ను తీసుకెళ్ళినావిడ ఆశా కార్యకర్త. అక్కడ వాళ్ళను 'ఆశా తాయీ' అంటారు. తాయీ అంటే అక్క. స్కూటీ ఆపుతూనే, "ఎల్లుండి వస్తే ఈ ఊళ్ళో ముసలివాళ్ళు, పిల్లలు, కుక్కలు తప్ప ఎవరూ దొరకరు" అంది. ఆ సాయంత్రమే బండ్లు కదులుతున్నాయి.

మేం వెళ్ళిన ఇంటి ముందు రేకు పెట్టె, సగం జొన్నల బస్తా, ఇనప పెనం, ప్లాస్టిక్ పట్టా చుట్ట, ఒక మేకపిల్ల. ఇంటావిడ గడప మీద కూర్చుని ఆకురాయితో కత్తి నూరుతోంది. దాన్ని 'కోయతా' అంటారు. మన కొబ్బరి కత్తికి చెల్లెల్లాంటిది. రెండున్నాయి. ఒకదాని పిడి ఉత్త కర్ర. రెండోదాని పిడికి పాత చీర అంచు, ఎర్రది, గట్టిగా చుట్టి దారంతో కుట్టి ఉంది. అది ఆమెది. చుట్టకపోతే మొదటి వారంలోనే అరచేయి బొబ్బలెక్కుతుందట.

కోయతా అంటే కత్తి ఒక్కటే కాదు. చెరకు లెక్కల్లో కోయతా అంటే మొగుడూ పెళ్ళాం కలిసి ఒక శాల్తీ. ఒంటరి మనిషి అర కోయతా. ముకాదమ్, అంటే మన పాలమూరు వలసల్లో గుంపు మేస్త్రి లాంటివాడు, దీపావళికి ముందు కోయతాకు ఇంత అని ముందుగానే డబ్బు ఇస్తాడు. దాన్ని 'ఉచల్' అంటారు. లక్ష దాకా ఉంటుంది. ఆ డబ్బు ఇంటికి రాగానే పాత అప్పుకో పెళ్ళికో పోతుంది. తరవాత అయిదారు నెలలు కొల్హాపూర్, సాంగ్లీ, సాతారా, లేదా కర్ణాటకలో బెళగావి వైపు చెరకు కొట్టి ఆ బాకీ తీర్చాలి. కూలి టన్నుల్లో. 2024 జనవరిలో 34 శాతం పెంచాక టన్ను కోతకు 366 రూపాయల దాకా వచ్చింది. ఒక రోజు పనిలోకి రాకపోతే దాని పేరు 'ఖాడా'. నాగా అన్నమాట. నాగాకు 500 రూపాయలు కోత. జ్వరమైనా, బాలింత అయినా, నెలసరి నొప్పి అయినా నాగా నాగాయే.

"నీ కూలి ఎంత పడుతుంది?" అని అడిగాను.

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. నా హిందీ వల్లేమోనని తాయీ మరాఠీలో మళ్ళీ అడిగింది. ఆమె కత్తి ఆపి, "నా కూలా?" అని తాయీ వైపు చూసింది. "కోయతాకు కదా కూలి? అది ఆయన తీసుకుంటాడు."

ముప్ఫై ఒక్కేళ్ళావిడ, పదహారో ఏట నుంచి చెరకు నరుకుతోంది. పదిహేను సీజన్లు. అందులో తన వంతు ఎంత అనేది ఆమె లెక్కించలేదని కాదు, లెక్కించడానికి అంకె అంటూ ఒకటి లేదు. సర్కారు ఇచ్చే 'లాడ్కీ బహీణ్' 1500 మాత్రం తన పేరు మీద బ్యాంకులో పడుతుందని, ఆ ఫోన్ మెసేజ్ చూపించింది. ఎన్నికల పథకమని మనం వెటకరించుకునేది ఆమె చేతిలో చూస్తే, నా నోటికొచ్చిన వెటకారం లోపలే ఉండిపోయింది.

వరద పరిహారం సంగతి అడిగాను. రెండెకరాలు కోసుకుపోయాయి. పరిహారం 'సాత్‌బారా'లో పేరున్నవాళ్ళకు. మన పట్టా పాసుబుక్కు లాంటిదది. పేరు మామగారిది.

*

ఇక నేను పొరబడిన సంగతి. తాయీ ఆమెను చూపించి, "హిచీ పిశవీ కాఢలీ" అంది. నాకొచ్చిన కాస్త మరాఠీలో పిశవీ అంటే సంచి. గోడకు మేకు మీద ఒక గుడ్డసంచి వేలాడుతోంది. 'ఈమె సంచి తీసింది' అన్నారేమో, ఏదో చూపిస్తారేమోనని దానివైపు చూశాను. వాళ్ళిద్దరూ నా చూపు చూసి పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఆమె తన పొత్తికడుపు మీద చేయి పెట్టి, గీత గీసినట్టు అడ్డంగా చూపించింది.

ఇరవై నాలుగో ఏట తీశారు. అప్పటికి ఇద్దరు పిల్లలు. కథ ఆమె చెప్పినట్టే చెబుతాను, నా బాధేమీ కలపకుండా.

చెరకు తోటలో నివాసం 'కోపీ'. వెదురు బద్దలు వంచి పైన పట్టా కప్పిన గుడిసె, మనిషి వంగి దూరాలి. దొడ్డి లేదు, స్నానానికి చాటు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి ముందే లేచి రొట్టెలు చేసుకోవాలి. మొగవాళ్ళు నరుకుతుంటే ఆడవాళ్ళు ఆకు దూసి, కట్ట కట్టి, 'మోళీ'ని నెత్తికెత్తుకుని లారీకి ఆనించిన పలక మీదుగా పైకెక్కాలి. ముప్ఫై నలభై కిలోల మోళీ. లారీ ఏ రాత్రి వస్తే ఆ రాత్రే లోడ్ చేయాలి. నెలసరికి పాత బట్టే. ఉతకడానికి నీళ్ళు కాలవలోవి, అవి ఉంటే. ఆరేయడానికి ఎండ ఉన్నా చాటు లేదు. తడి గుడ్డే మళ్ళీ. తెల్లబట్ట మొదలైంది, నడుం పట్టేసింది, మంట. ఊరికొచ్చాక ఒక ప్రైవేటు దవాఖానకు పోతే కడుపు స్కాన్ తీసి, సంచి చెడిపోయింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది అన్నాడు డాక్టరు. పిల్లలున్నారుగా, ఇక దాంతో పనేముంది అని కూడా అన్నాడు. 35 వేలు. ముకాదమే ఇచ్చాడు, ఉచల్‌లో కలిపి.

"ఆ ఏడు సీజన్‌లో ఒక్క ఖాడా పడలేదు" అంది. అందులో గర్వం ఉంది. నాగా పడకుండా ఉండటానికి ఆపరేషన్, ఆపరేషన్ అప్పు తీర్చడానికి నాగా లేని పని. చెబుతున్నది ఆమే అయినా ఆ చుట్టు ఆమెకు కనిపించడం లేదనుకున్నాను. కాసేపాగి ఆమే అంది, "ఇప్పుడు ఒళ్ళంతా ఆవిర్లు. చలికాలం రాత్రి కూడా చెమటలు పడతాయి. మోకాళ్ళు పట్టేస్తాయి. ఇది ముందే చెప్పుంటే ఇంకొక్క ఏడాది ఓర్చుకునేదాన్ని." ఇంకొక్క ఏడాది మాత్రమే.

సంచితో పాటు అండాశయాలు కూడా తీశారో లేదో ఆమెకు తెలియదు. కాగితాలు లేవు. అవి తీస్తే ఇరవైల్లోనే ముట్లుడిగిన ఒళ్ళవుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

2019లో గొడవయ్యాక శాసనమండలి ఉపాధ్యక్షురాలు నీలమ్ గోర్హే అధ్యక్షతన కమిటీ వేశారు. బీడ్ జిల్లాలో చెరకు కోతకు పోయే 82,309 మంది ఆడవాళ్ళను అడిగితే, 13,861 మందికి గర్భసంచి లేదని తేలింది. ఆరుగురిలో ఒకరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొత్తం మహారాష్ట్ర సగటు 2.6 శాతం.

బీడ్‌ను చూసి ముక్కున వేలేసుకునే ముందు అదే సర్వేలో మన వరుస చూసుకోవాలి. దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, 8.9 శాతం. రెండోది తెలంగాణ, 7.7 శాతం. దేశం సగటు 3.2. మనకు కోయతా లేదు, ముకాదమ్ లేడు. అయినా చిన్నమ్మకు ఆ డాక్టరు చెప్పిన మాటా, ఈమెకు ఈ డాక్టరు చెప్పిన మాటా అక్షరం తేడా లేదు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ పాటించాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇందులో వాతావరణం పాత్ర ఎంత, మనుషులది ఎంత? నాలుగు రోజులూ ఇదే నన్ను తినేసింది. వానే ఈమె గర్భసంచి తీసిందని రాస్తే బాగుంటుంది, సభల్లో చప్పట్లు పడతాయి, ముకాదమ్ హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. వాన చేసింది ఒక్కటే, చేను లాక్కుంది. ఉచల్ పెట్టింది వాన కాదు. ఇద్దరి కూలి ఒకరి చేతిలో పెట్టింది వాన కాదు. తోట పక్కన నాలుగు రేకులతో దొడ్డి కట్టించనిది, క్యాన్సర్ అని బెదిరించింది వాన కాదు. అయితే వాన ఎంత తిక్కగా మారితే ఈ మెట్లన్నీ అంత త్వరగా ఎక్కాల్సి వస్తోంది. తాయీ రిజిస్టరు తిరగేస్తూ, వానలు దెబ్బతీసిన ఏడు ఆరోతరగతి, ఏడోతరగతి ఆడపిల్లల పేర్లు ఎక్కువ కొట్టేయాల్సొస్తుంది అంది. కోయతాకు జంట కావాలి. అర కోయతాకు ఉచల్ సగమే. కొడుక్కి పెళ్ళి చేస్తే ఇంకో కోయతా తయారు. ఇటు పిల్లను ముసలమ్మ దగ్గర వదిలి ఆరు నెలలు పోవాలంటే తల్లికి భయం. బీడ్‌లో ఇరవై దాటిన యువతుల్లో నూటికి నలభై మందికి పైగా పద్దెనిమిది నిండకుండా పెళ్ళయినవాళ్ళేనని 2019-21 ఆరోగ్య సర్వే. ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు 807 మందే ఆడపిల్లలని 2011 జనాభా లెక్క.

తాయీ చేతిలో ఒక మందుల సంచీ ఉంది. వలస పోయేవాళ్ళకు ఐరన్ గోలీలు, ఆరోగ్య కార్డులు పంచుతోంది. 2019 తరవాత జిల్లాలో ప్రైవేటు ఆసుపత్రి గర్భసంచి తీయాలంటే సివిల్ సర్జన్ అనుమతి ఉండాలన్న నియమం వచ్చింది. "తగ్గాయా?" అన్నాను. "ఇక్కడ తగ్గాయి. పక్క జిల్లాలకు పోవడం పెరిగింది" అంది. నేను వెళ్ళడానికి ముందు ఏడాది, సీజన్‌కు పోయేముందు జరిపిన పరీక్షల్లో 843 మందికి గర్భసంచి తీసేసి ఉందని, అందులో 477 మంది ముప్ఫై, ముప్ఫై అయిదు మధ్యవాళ్ళని జిల్లా ఆరోగ్యశాఖ లెక్క పత్రికల్లో వచ్చింది. కార్డు అక్కడ ఎవరైనా చూస్తారా అంటే తాయీ నవ్వింది. "అక్కడి ఆశాకు వీళ్ళు తన ఊరివాళ్ళు కాదు. నా ఊళ్ళో ఆరు నెలలు వీళ్ళు ఉండరు. మధ్యలో ఎవరివాళ్ళు?"

*

నాలుగింటికి ట్రాక్టర్ వచ్చింది, వెనక రెండు ట్రైలర్లు. డ్రైవరు ముందు టైరుకు కొబ్బరికాయ కొట్టాడు. స్పీకర్లో పాట. పెట్టెలు, బస్తాలు, వంటచెరకు, వాటి మీద పిల్లలు, పిల్లల మీద మేకలు. ఆవిడ పైకెక్కి కూర్చుని, కోయతాలు రెండూ గోనెగుడ్డలో చుట్టి కాళ్ళ కింద పెట్టుకుంది. ఒక పెద్దామె ట్రైలర్ అంచు పట్టుకుని అలాగే కొంతదూరం నడిచింది. ఎవరూ ఏడవలేదు. నేనే ఆ ఏడుపు కోసం ఎదురు చూశానని తెలిసి సిగ్గేసింది.

ఇంకో పది కిలోమీటర్లు పైకెళితే నది మొదలయ్యే చోటు. మర్నాడు పోయాను. చూడ్డానికి ఏం లేదు. గడ్డి, రాళ్ళ మధ్య పిల్ల కాలవ, దాటడానికి చెప్పులు కూడా విప్పక్కర్లేదు. వచ్చిన పని ఇది కదా అని కాసేపు కూర్చున్నాను.

దిగువకు తిరిగొస్తుంటే మంజీర వెంట చెరకు తోటలు, పొగ గొట్టాలు మొదలయ్యాయి. మహారాష్ట్ర సాగుభూమిలో నూటికి నాలుగు వంతుల్లో ఉండే చెరకు, సాగునీటిలో డెబ్బై వంతులు తాగేస్తుందని చాలాకాలంగా చెబుతున్న లెక్క. కొండ మీద నీళ్ళు లేక దిగిపోయిన ఆడవాళ్ళు ఆ నీళ్ళు తాగిన పంటనే నరకడానికి పోతున్నారు.

బీదర్ మీదుగా జహీరాబాద్ చేరాక పస్తాపూర్‌లో ఒక పూట ఆగాను. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల ఊరు. ఎక్కువమంది దళిత ఆడవాళ్ళు. ఒకే ఎకరంలో జొన్న, కంది, కొర్ర, సామ, అనుములు, ఇలా ఇరవై రకాలు కలిపి వేస్తారు. ఒకటి పోతే ఒకటి మిగులుతుంది. విత్తనం వాళ్ళ చేతిలోనే, వెదురు బుట్టలో బూడిద కలిపి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఇదే మందు అని బీడ్‌కు రాసిచ్చేంత ధైర్యం నాకు లేదు. ఎర్ర చెల్క వేరు, మొరం తేలిన చేను వేరు. ఒక్క తేడా మాత్రం కళ్ళకు కట్టింది. ఇక్కడ నీ పంట ఎంత అని అడిగితే ఏ ఆడమనిషీ పక్కవాళ్ళ వైపు చూడలేదు.

జహీరాబాద్ నుంచి మా ఊరికి వచ్చే దారిలో చెరకు తోట పక్కన నాలుగు గుడిసెలు. వెదురు బద్దలు, నీలం పట్టా. ఎన్నేళ్ళుగానో ఈ దారిన పోతూ వస్తూ వాటిని చూశాను. 'చెరకు కొట్టేటోళ్ళు' అనుకునేదాన్ని, అంతే. ఈసారి ఆటో ఆపించాను. ఒకమ్మాయి తల మీద బిందె పెట్టుకుని వస్తోంది, నా మరాఠీకి నవ్వింది. ఏ ఊరంటే ధారూర్ వైపు అంది. ధారూర్ బీడ్ జిల్లాయే. బిందెలో నీళ్ళు మంజీరవే.

*

చిన్నమ్మ నా సంచీ లోపల పెట్టి, కాళ్ళకు నీళ్ళిచ్చి, చాయ్ పెట్టింది. ఏం చూసొచ్చావని అడిగితే మెల్లగా చెప్పాను. కోయతా, ఖాడా, మోళీ. పిశవీ దగ్గర ఆగాను. ఆమె ముందు ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు నేను.

"ఆళ్ళు గూడ సంచే అంటరా?" అంది.

అవునన్నాను.

"ఎంత దీసుకున్నడట?"

"ముప్ఫై అయిదు వేలు."

వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్కేసుకుంది. "నాకు పదకొండు వేలు వట్టె. గప్పుడు పదకొండు వేలంటె శానా. రెండు బర్లనమ్మినం. లచ్చి, చంద్రి." చాయ్ గ్లాసు కింద పెట్టి, వాకిట్లో ఒకప్పుడు కొట్టం ఉన్న చోటు వైపు చూసింది. "లచ్చి గప్పుడు సూడి మీదుండె బిడ్డా. అయినా అమ్మినం."